పేరాలో లేని జవాబు

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్లాను. విదేశంలో నర్సు ఉద్యోగం కోసం రాసే ఇంగ్లిష్ పరీక్షలో రెండుసార్లూ రీడింగే నన్ను ముంచింది.

ఇవాళ్టి పేరా స్పృహ లేని రోగుల గురించి. "వాళ్లకు మన మాట వినిపిస్తుంది" అన్న వాక్యం నిజమా, అబద్ధమా, పేరాలో చెప్పలేదా అన్నది ప్రశ్న. నిజమని రాశాను. సార్ తప్పు పెట్టారు.

"గట్లెట్ల సార్? నేను కండ్లార చూసిన!"

"నువ్వు చూసింది కాదమ్మా, పేరాల ఉన్నదే రాయాలె. గిట్లనే మార్కులు పోగొట్టుకుంటున్నవ్."

కాగితం చిరిగేలా చెరిపి, 'చెప్పలేదు' అని రాశాను.

చివరిరోజు దవాఖానలో "నాయినా" అని పిలిస్తే, కళ్లు తెరవకుండానే నువ్వు నా వేలు గట్టిగా పట్టుకున్నావు.