గార్డ్ వచ్చింది

జులై 4, శుక్రవారం

అత్తమ్మ బట్టలు ఉతుకుతూ నా పసుపు డ్రెస్సు తిరగేసి చూసింది. నడుము నుంచి మెడ దాకా నిటారుగా బురద చార. ఆటోల కూసుండి పోయేదానికి ఈపు మీద బురదెట్ల పడ్డదే అని అడిగింది. లారీ చల్లిందని చెప్పాను. లారీ ఏమన్న స్కేలు వెట్టి గీత గీసిందా అంది. నవ్వుతూనే అంది. కానీ సబ్బు రుద్దుతున్నంతసేపూ నా మొహమే చూసింది.

నా వీపు మీద ఏముందో నాకు కనబడదు. దారిలో అందరికీ కనబడుతుంది. అది తలచుకుంటేనే భయం.

జులై 5, శనివారం

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. నేను ఆటోలో వెళ్ళడం లేదు, సైకిల్ మీద వెళ్తున్నాను.

చైతన్యపురిలో ఒక గర్ల్స్ హాస్టల్ కిచెన్‌లో నా పని. కూరగాయలు కోస్తాను, చపాతీలు చేస్తాను. అల్మాస్‌గూడ నుంచి షేర్ ఆటోలో ఎల్బీ నగర్ పోయి, అక్కడ బస్సెక్కాలి. పెళ్ళైన కొత్తలో ఆయనే ఈ దారి చూపించాడు. ఆయన ఏసీలు రిపేర్ చేస్తాడు. పేరు శైలేందర్. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆటోలో ఒకడు రోజూ నా పక్కనే కూర్చునేవాడు. చోటున్నా ఒత్తుకునే కూర్చునేవాడు. మధ్యలో బ్యాగు పెడితే బ్యాగు మీద చెయ్యి వేసేవాడు. ఒకరోజు దిగుతుంటే వెనక నుంచి, సౌందర్యా, మెల్లగ దిగు, అన్నాడు. నా పేరు. నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చపాతీలన్నీ మాడ్చాను.

ఆయనకు చెబితే పని మానమంటాడు. లేకపోతే వాడి మీదికి పోతాడు. ఆయనకు మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. పోయిన బోనాలప్పుడు పక్కింటాయనతో అయిన గొడవ చూశాను. అన్నిటికంటే ముందు, వానికి నీ పేరెట్ల ఎరుక అని అడుగుతాడు. ఏం చెప్పను? నాకే తెలియదు.

మా హాస్టల్ పెద్ద వంటామె నాగేశ్వరక్క మా వెనక గల్లీలోనే ఉంటుంది. ఆటో పడటం లేదు, కడుపులో తిప్పుతోందని అన్నాను. వాళ్ళబ్బాయి బైక్ కొనుక్కున్నాక గేరు సైకిల్ మూలన పడి ఉంది, తీసుకోమంది. ఏడో తరగతి దాకా ఊళ్ళో సైకిల్ మీదే బడికి పోయాను. కాళ్ళు మరిచిపోలేదు. పొద్దున వాళ్ళింటి దాకా నడుస్తాను. అక్కడి నుంచి సైకిల్.

జులై 8, మంగళవారం

వాన. హాస్టల్‌లో అడుగు పెట్టగానే నాగేశ్వరక్క, ఇదేంటమ్మాయ్, వీపు మీద రోడ్డేసుకొచ్చావు అంది. అందరూ నవ్వారు. ఆమెది గుంటూరు వైపు, మాట గట్టిగా ఉంటుంది. గేరు సైకిళ్ళకి మడ్‌గార్డులు రావంట, విడిగా వేయించుకోవాలంట. లేకపోవడమే స్టైలని మావాడు తిరిగాడు, వాడి చొక్కాలు నేను ఉతికాను కాబట్టి సరిపోయింది అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సైకిల్ షాపు గుర్తులు చెప్పింది.

కిచెన్ బాత్‌రూంలో డ్రెస్సు వీపు కడుక్కున్నాను. తడిదే వేసుకుని పనిచేశాను.

జులై 9

షాపు దాకా పోయి తిరిగి వచ్చేశాను. లోపల అందరూ మగవాళ్ళే.

జులై 11, శుక్రవారం

లోపలికి వెళ్ళాను.

షాపాయన పేరు అంతయ్య. పెద్దాయన. ఏం గావాలె బిడ్డా అన్నాడు. వెనక చక్రం చూపించి, నా వీపు చూపించాను. అర్థమైంది, ఈపు మీద చక్రం బొమ్మ గీస్తున్నదా అన్నాడు. సైకిల్ తమ్మునిదా అంటే తలూపాను.

మూడు రకాలు తీశాడు. మెరిసే ఇనుపవి నాకు నచ్చాయి. వద్దన్నాడు. ఈ సైకిల్‌కు టైరుకీ ఫ్రేముకీ మధ్య సందు తక్కువ, అవి పట్టవు, రాసుకుంటాయి. రెండోది పొట్టి ప్లాస్టిక్‌ది. సీటు కింద తోకలా తగిలించాలి, కావాలంటే తీసి బ్యాగులో పెట్టుకోవచ్చు. నాకు అదే మంచిదనిపించింది. ఎవరికీ కనబడకుండా దాచుకోవచ్చు. అంతయ్య మాత్రం, గీ గార్డ్‌తోని ఈపు బతుకుతది గని కాళ్ళు బతకయి బిడ్డా అన్నాడు. నిజమే. ముందు చక్రం చల్లేదంతా పాదాల మీదే పడుతుంది. అత్తమ్మ రేపు సల్వార్ అంచులు చూస్తుంది.

మూడోది ముందుకూ వెనక్కూ నిండుగా వచ్చేది. ప్లాస్టిక్‌దే, సన్న కడ్డీలతో బిగించాలి. ముందుది వదులైతే మాత్రం మంచిది కాదన్నాడు. పుల్లో రాయో ఇరికితే చక్రం ఆగిపోయి మనిషి ముందుకు ఎగిరి పడతాడంట. నా మొహం చూసినట్టున్నాడు. అందుకే గిక్కడ క్లిప్పులుంటయ్, ఏమన్న ఇరికితే కడ్డీ అదే ఊడొస్తది, పరేషాన్ గాకు అని ఊడదీసి చూపించాడు.

అదే కావాలన్నాను. సన్న టైరు సైజులో ఎర్రవే ఉన్నాయి. ఎర్రది వద్దు, దూరం నుంచి కనబడుతుంది. నల్లవి తెప్పిస్తానన్నాడు. ఫోన్ నంబరు ఇచ్చాను. పేరు అడిగితే చెప్పలేదు. ఇప్పుడు పేరు చెప్పాలంటేనే భయం. సరే, గార్డ్ బిడ్డ అని రాసుకుంట అన్నాడు.

జులై 12

ఎల్బీ నగర్ ఆటో నా పక్కనుంచి పోయింది. వాడు అందులో ఉన్నాడు. తల బయటికి పెట్టి చాలా దూరం దాకా వెనక్కి చూశాడు. సైకిల్ దిగి ఒక మెడికల్ షాపులో నిలబడ్డాను. ఏం కావాలి అంటే జండూబామ్ అన్నాను.

జులై 14, సోమవారం

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను స్నానంలో ఉన్నప్పుడు ఫోన్ మోగింది. అత్తమ్మ ఎత్తింది. రేకుల మీద వాన, ఆమెకు సగమే వినబడింది. ఆయన ఇంటికి రాగానే చెప్పింది. ఎవడో చేసిండు కొడుకా, గార్డ్ ఒచ్చిండు, జల్ది రమ్మను అన్నడు, అని.

మా హాస్టల్ గేటు దగ్గర గార్డ్ ఉంటాడని ఆయనకు తెలుసు.

ఆయన అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. ఎవడు ఆ గార్డ్ అని మెల్లగా అడిగాడు. అరిచి ఉంటే బాగుండేది. మడ్‌గార్డ్ అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ మడ్‌గార్డ్ అంటే సైకిల్ ఎక్కడిది అంటాడు. సైకిల్ అంటే ఆటో ఎందుకు మానినవ్ అంటాడు. ఆటో అంటే వాడు. వాడంటే నా పేరు.

నోరు తెరవలేదు. తెరవకపోవడమే తప్పు ఒప్పుకున్నట్టయింది.

జులై 15, మంగళవారం

ఆయన హాస్టల్‌కు వచ్చాడు. నాకు తెలియదు. చపాతీ పిండి కలుపుతుంటే కిటికీలోంచి కనబడ్డాడు, గేటు దగ్గర. గార్డ్ లింగస్వామిది మా నాన్న వయసు. మా ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టాడంట. మీ ఆమెనా, మంచి పిల్ల సారూ, మాట్లాడనే మాట్లాడది, సైకిల్ లోపట పెట్టుకో బిడ్డా అంటె తలకాయ ఊపుతది, అన్నాడంట. ఆయన, ఏం సైకిల్ అన్నాడంట.

ఇంటికి వచ్చేసరికి ఆయనా అత్తమ్మా నా కోసం కూర్చుని ఉన్నారు. ఒచ్చిండు కాదు, ఒచ్చింది అన్నాను. నేను అన్న మొదటి మాట అదే. వాళ్ళకు అర్థం కాలేదు. ఏడుస్తూ మళ్ళీ చెప్పాను. మనిషి కాదు, వస్తువు. సైకిల్‌ది. అత్తమ్మ, ఒచ్చిండు అన్నడో ఒచ్చింది అన్నడో, వానల నాకేం ఎరుక అంది. ఆయన ఆ నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అంతయ్య గొంతు ఇల్లంతా నిండింది. గార్డ్ బిడ్డనా? నీ గార్డ్ నిన్ననే ఒచ్చింది, నల్లది, సన్నగ మంచిగున్నది, ఎప్పుడు తోల్కపోతవ్?

ఆయన నవ్వాడు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వు వచ్చింది. అంతలో ఆయన ఆగి, మరి ఆటో ఎందుకు మానినవ్ అన్నాడు.

చెప్పాను. బ్యాగు, చెయ్యి, పేరు, అన్నీ.

అదే అడిగాడు. వానికి నీ పేరెట్ల ఎరుక?

అత్తమ్మే అంది. ఎట్ల ఎరుకేందిరా, ఆటో కదులుతుంటె ఓ సౌందర్యా, టిఫిన్ డబ్బ మర్సినవ్ అని రోడ్డు మీద ఎన్నిసార్లు ఒర్రిన? వానికేంది, ఆటోల ఉన్నోళ్ళందరికి ఎరుకే. పిల్ల ఇన్ని దినాలు గిదంత కడుపుల పెట్టుకొని తిరిగింది, నువ్వేమో గార్డ్‌ను ఎతుకవోయినవ్.

పని మానాలా అని అడిగాను. నువ్వెందుకు మానుడు అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

జులై 17, గురువారం

ఆయనే షాపుకు తీసుకుపోయాడు. కడ్డీలు తానే బిగించాడు. ముందు చక్రం తిప్పి చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా రాసుకోవడం లేదు. వాడు ఏ టైముకు ఎక్కుతాడు, ఏ రంగు చొక్కా, ఎక్కడ దిగుతాడు అని మామూలుగా అడిగాడు. చెప్పేశాను. ఇంటికి వచ్చాక ఎందుకు చెప్పానా అనిపించింది.

జులై 19, శనివారం

ఆయన పనికి పోలేదని వాళ్ళ ఏసీ షాపు నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రం వచ్చాడు. కుడిచేతి వేళ్ళ మీద తోలు లేచి ఉంది. ఏమైందని అడిగాను. మడ్‌గార్డ్ కడ్డీ గీరింది అన్నాడు.

సైకిల్ పొద్దుటి నుంచీ నా దగ్గరే ఉంది.