వంటింటి బల్బు కింద తీసిన ఫోటో

వదినగారికి,

నీలం గౌను బొమ్మ ధర తగ్గించమని మొన్న ఫోనులో చెప్పారు. నేను తగ్గించలేదు. ఎందుకో అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

మీరు అమ్మిపెట్టమన్న మిగతా బొమ్మలన్నిటికీ పొద్దున పూట కిటికీ దగ్గర తెల్ల దుప్పటి పరిచి ఫోటోలు తీసి, ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టాను. కనురెప్పలు, గౌను కుట్లు కూడా స్పష్టంగా కనబడ్డాయి. వెంటనే అమ్ముడుపోయాయి. దీన్ని మాత్రం వంటింటి బల్బు కింద, కావాలనే చెయ్యి కదిపి తీశాను. ఎవరూ కొనకపోతే నా దగ్గరే ఉండిపోతుందని ఆశపడ్డాను. అన్నయ్యగారి ఆపరేషన్ కోసం అమ్ముతున్నారని తెలిసీ ఈ పని చేశాను.

నిన్న మా అమ్మాయి ఆ ఫోటో చూసి, "ఇదేంటమ్మా, స్టేషన్లో దొంగని నిలబెట్టి తీసినట్టుంది!" అని పడీ పడీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈరోజు పొద్దున్నే కిటికీ దగ్గర మళ్ళీ తీసి పెట్టాను. మధ్యాహ్నానికల్లా ఒకావిడ మీరు మొదట చెప్పిన ధరకే, బేరమాడకుండా ఒప్పుకుంది. రేపు వచ్చి తీసుకువెళుతుంది. జుట్టు దువ్వి, బొమ్మను పెట్టెలో సర్దాను. ఆవిడకి మా అమ్మాయి ఇస్తుంది. నా చేత్తో ఇవ్వలేను వదినా, మీరు ఎంతైనా కోప్పడండి.

మీ మరదలు