ఇంగ్లండు అవ్వ పంపిన హుకుం

అలియాబాద్, డిసెంబరు 1943

ప్రియమైన మొయిన్ భాయ్‌కు,

నువ్వు ఇంగ్లండు కార్ఖానాలో మిషన్ల పని నేర్చుకుంటున్నావు. ఇక్కడ మాకు నేల రాలిన కంకి కూడా పరాయిదైంది. కోత తర్వాత మడిలో మిగిలిన కంకులు ఏరుకునే మన పరిగెను ఈసారి దొర ఆపించాడు. యుద్ధానికని సర్కారుకు కొలిచే లెవీ ధాన్యం కావాలట. అమ్మ గంప పట్టుకొని పోతే దొర మనిషి నర్సయ్య కట్టె అడ్డం పెట్టాడు.

"ఏందే సాలమ్మా, దొర సొమ్ము ఎత్కపోను వచ్చినవా?"

"రాలిన గింజకు దొరెవడయ్యా? పిట్టలను గూడ గిట్లనే ఆపుతవా?" అంది అమ్మ. వాడు గంపను కాలితో తన్నాడు. ఎండాకాలం మా గంజి ఆ గింజలతోనే అని నీకు తెలియనిదా?

చేతికి దొరికిన కరపత్రాలన్నీ చదివాను. చెమట ఎవరిదో పంట వాళ్లదే. యాసంగి కోతలకూ ఆపితే దొర కుప్పకు నిప్పు పెడతాను. ఉత్త బెదిరింపు అనుకోకు.

ఉడుకుతున్న నెత్తురుతో,
నీ తమ్ముడు లింగం


ఇంగ్లండు, ఫిబ్రవరి 1944

ప్రియమైన తమ్ముడు లింగానికి,

నిప్పు, కుప్ప అని ఉత్తరంలో రాస్తావా, పిచ్చోడా! యుద్ధకాలం. ప్రతి కవరూ విప్పి చూసి, మళ్లీ అతికించి ముద్ర వేస్తున్నారు.

నేనుండేది ఒక పల్లెలో, ఆలిస్ అనే ముసలమ్మ ఇంట్లో. నిప్పు మాట దాచి మిగతాది చెప్పాను. వాళ్లూ చిన్నప్పుడు పరిగె ఏరేవాళ్లట! గోధుమ చేలల్లో. పొద్దున చర్చి గంట మోగేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు. మోగగానే ఊరి ఆడవాళ్లంతా ఒక్కసారే దిగేవాళ్లు. పిల్లల పిక్కల నిండా కోసిన మోళ్లు గీరిన గీతలే. మా అమ్మ మజీదా, మీ అమ్మ బెల్లం ముక్క ఆశ చూపి మనల్ని మడిలోకి తరిమేవారని చెబితే, "మీకూ గిట్లనే గుచ్చుకునేదా?" అని తన పిక్క తట్టుకొని నవ్వింది.

తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆమెకు ఆరేళ్లప్పుడు అక్కడి ఆసామి పరిగె ఆపాడు. ఆమె తండ్రి కోపంతో కుప్ప తగలబెట్టాడు. ఊరి తిండే కాలింది. జైలుకు పోయిన మనిషి తిరిగి రాలేదు. "ఊరోళ్లను పిలిచే గంట తాడు పక్కకే ఉండె. మా నాయినకు అగ్గే కనబడ్డది. మీవాళ్లను పరిగె ఆపొద్దను, అందరూ కలిసి పొమ్మను," అంది.

విను, లింగం.

నీ కోసం దువా చేస్తూ,
మొయినుద్దీన్


ఇంగ్లండు, మే 1944

తమ్ముడూ,

జవాబు లేదు. కోతలు అయిపోయి ఉంటాయి. ఇక్కడి పేపరు నిండా తగలబడుతున్న పట్నాలే, మన ఊరి కుప్ప సంగతి ఎవడు రాస్తాడు? తపాలా మనిషి వస్తే నాకంటే ముందు ఆలిస్ అవ్వే తలుపు తీస్తోంది. ఎక్కడున్నావు? ఒక్క ముక్క రాయి.

నిద్ర కరువైన నీ అన్న,
మొయినుద్దీన్


అలియాబాద్, మే 1944

ప్రియమైన మొయిన్ భాయ్‌కు,

కుప్ప కాలలేదు. నేను జైల్లో లేను. ముందిది చదివి ఊపిరి పీల్చుకో.

నీ ఉత్తరం కోతలకు ముందే అందింది. తెల్ల ముసలమ్మ నాకు చెప్పేదేమిటని స్టాంపు మీది రాజు బొమ్మ మీద ఉమ్మి మూల పడేసి, నూనె గుడ్డలు సిద్ధం చేసుకున్నాను. అమ్మ మాత్రం దాన్ని నాతో మళ్లీ మళ్లీ చదివించుకుంది. కోత ముగిసిన మర్నాడు, నాకు మాట మాత్రమైనా చెప్పకుండా, మన ఊరి సత్తయ్యతో డప్పు కొట్టించింది. అలియాబాద్, పక్కనున్న శామీర్‌పేట ఆడవాళ్లు, మీ అమ్మతో సహా, ఒక్కసారే మడిలో దిగారు. కట్టె ఎవరి మీద లేపాలో నర్సయ్యకు తోచలేదు.

సాయంత్రం పోలీసు అమీన్ వచ్చాడు. "ఎవరి హుకుం?" అన్నాడు. నేను ముందుకు ఉరికాను. అమ్మ నన్ను వెనక్కి గుంజి, కొంగులోంచి నీ కవరు తీసింది. లోపలి తెలుగు కాగితం అప్పటికే దాచేసింది!

"ఇంగ్లండుకెల్లి వచ్చింది సర్కార్. పరిగె ఆపొద్దన్నరు."

"ఎవరన్నరు?"

"అక్కడి దొరసాని."

అమీన్‌కు ఇంగ్లీషు రాదు. రాజు తల ఉన్న స్టాంపు చూశాడు, అతికించిన అంచు మీద ముద్ర చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. "బొల్లారం పోయి తెల్లదొరల దగ్గర దర్యాప్తు జేస్త. అప్పటిదాంక ఏరుకోండ్రి."

నేను ఉమ్మిన రాజు బొమ్మే మమ్మల్ని కాచింది! సిగ్గుతో తిండి ముట్టకుండా గోడకు తిరిగి పడుకున్నాను. "నువ్వు అలుగు బిడ్డా, గింజలైతే అలగలే," అని గంజి ముందు పెట్టింది. తాగాను.

కానీ బొల్లారం దారిలో గుర్రం చప్పుడైతే చాలు, అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకి వస్తోంది. తెల్ల అధికారి ఎవరైనా అడిగితే, ఆలిస్ అవ్వ "అవును, నేనే చెప్పిన" అంటుందా? కాగితం మీద రాయించి జల్దీ పంపు. ఈసారి కవరు మీద ముద్రలు ఎక్కువ పడేట్టు చూడు.

భయంతో, నిండిన కడుపుతో,
నీ తమ్ముడు లింగం