ఒకటి దాటిన దూరం

మార్కాపురంలో కంప్యూటర్ నడిపే అధికారులకు,
కురిచేడు పక్క ఊరి నుంచి నిత్యానందం మండిపడుతూ రాయునది:

మా ఊరి పఠనమందిరానికి ఇన్‌ఛార్జి కావాలన్నారు. అందరికంటే దగ్గరున్నవాళ్లకే ఉద్యోగమన్నారు. మందిరానికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. నేను దగ్గితే అవతల పేపరు చదివేవాళ్లు "నీళ్లు తాగరా" అంటారు. అయినా జాబితాలో మొదటి పేరు గిద్దలూరు మల్లికార్జునరావుది! రోజూ రైలెక్కి వచ్చి తాళం తీస్తాడా? నా పేరు పక్కన "దూరం తెలియదు" అట. కూలోళ్ల బిడ్డ మీద కుట్ర ఇది.

పోరాటం ఆపని
నిత్యానందం

తా.క. ఆడవాళ్లూ అడగాలని, టెన్త్ పాసైన మా అమ్మ ఇందిరమ్మ చేత కూడా దరఖాస్తు పెట్టించినాను. ఆమెకూ అదే జవాబు. మా ఇంట్లో అన్యాయం సమానంగానే జరిగింది.

*

నిత్యానందం గారికి,
కంప్యూటర్ విభాగం నుంచి హైమావతి నమస్కారాలు.

కుట్ర కాదండీ, కొసైన్. భూమి గుండ్రం కాబట్టి, మందిరానివీ, దరఖాస్తు పెట్టినవాళ్లు నిలబడ్డ చోటువీ అక్షాంశ రేఖాంశాలు తీసుకుని డేటాబేస్‌లో విలోమ కొసైన్‌తో దూరం లెక్క కడతాం. మీరు లొకేషన్ మందిరంలోనే నిలబడి పంపారు. రెండూ ఒకే చోటు కాబట్టి లోపలి లెక్క సరిగ్గా ఒకటి రావాలి. కంప్యూటర్ చివరి దశాంశంలో తడబడి రవ్వంత ఎక్కువ తెచ్చింది. ఏ కొసైనూ ఒకటి దాటదు కాబట్టి, దాటిన అంకె ఇస్తే విలోమ కొసైన్ నోరు విప్పదు. జవాబు రానివాళ్లంతా జాబితా అడుగున పడ్డారు. మీ పెరట్లో నిలబడి మళ్లీ పంపండి.

ఇట్లు,
హైమావతి

తా.క. మరీ దగ్గరగా ఉండడమే మీ తప్పు.

*

హైమావతక్కకు (అక్కా అన్నానని మెత్తబడినాననుకోవద్దు),

ఒకటి దాటకూడదని కట్టడి పెట్టిన దొర ఎవరు? పెరట్లో సిగ్నల్ లేకనే అమ్మా నేనూ మందిరంలో నిలబడినాము. సిగ్నల్ ఉన్నా పెరట్లోకి పోను. నేనొక్కణ్ణే తప్పించుకుంటే మిగిలినోళ్ల గతేంది? సరిచేస్తే అందరికీ సరిచేయండి, లేకుంటే నాకూ వద్దు. "ఏందిరా, ఉద్యోగం అడుగుతావా, కొట్లాడతావా?" అంటాంది అమ్మ. రెండూ, అన్నాను.

మీ కోడ్ ముందు ధర్నాకు సిద్ధంగా,
నిత్యానందం

తా.క. కోడ్ ఎక్కడుంటుందో, బస్సు ఏ స్టాపులో దిగాలో రాయండి.

*

ధర్నా తమ్ముడికి,

కోడ్‌కు బస్సు లేదు. కట్టడి పెట్టింది దొరలు కాదు, త్రిభుజాలు. కానీ అందరికీ సరిచేయమన్న మాట నాకు నచ్చింది. ఒకటి దాటిన ప్రతి లెక్కనూ ఒకటికే దించమని ఒక్క వరుస రాశాను. జాబితా మళ్లీ తీస్తున్నాం.

అక్క హైమావతి

తా.క. దూరాలు సమానమైతే వయసులో పెద్దవాళ్లకే. ఆ నియమం నాది కాదు, నా మీదికి రావద్దు.

*

అక్కా,

ఎక్కువున్నవాణ్ణి ఒకటికి దించడం! మా కరపత్రాలు ఇన్నేళ్లు అరిచినా కానిది మీరు ఒక్క వరుసలో చేసినారు.

జాబితా వచ్చింది. నా దూరం సున్నా. అమ్మదీ సున్నా. ఆమె నాకంటే చిన్నదని ఏ కోర్టులో వాదించేది? ఉద్యోగం ఇందిరమ్మది. పొద్దున కొడవలి చూరులో చెక్కి, తాళంచెవి కొంగుకు కట్టుకొని పోయింది. ఆమె కూలికి పోని రోజు నేను చూడడం ఇదే మొదలు. కోపం కోసం వెతికినాను, దొరకలేదు.

సాయంత్రానికి దొరికింది. ఆమె మొదటి ఉత్తర్వు: మందిరంలో ఉపన్యాసాలు వద్దు. రెండోది: నేను మందిరం నుంచి ఇంటికి తెచ్చుకున్న కరపత్రాలన్నీ తిరిగియ్యాలి. పైఅధికారులకు రాస్తానంటే, "రాసుకో, అన్నం కూడా వాళ్లనే పెట్టమను" అనింది.

విజయం సాధించి ఓడిన
నిత్యానందం

తా.క. ఇప్పుడు నేను ఇంట్లో దగ్గినా గోడ అవతలి నుంచి "ష్" అంటాంది.