కాజీపేటకు బయలుదేరాం

సుజాత బాపూ,

నువ్వు పోయి ఏడాది దాటింది. మన కాజీపేటలో రైలుపెట్టెల ఫ్యాక్టరీ వస్తుందని పేపర్లో పడ్డప్పుడల్లా, "ఇగ ఊరికి పోదాం" అనేవాడివి. ఇన్నాళ్లకు ప్రభుత్వం కడుతోంది. మన సుజాతకు అందులో వెల్డింగ్ పని దొరికింది.

పొద్దుటి నుంచి నాకు కాలు నిలవలేదు. సామాను సర్దాను, మళ్లీ విప్పాను. హైటెక్ సిటీలో ఊడ్చే పని వదులుకోవాలి. నువ్వు కన్నుమూసిన పుప్పాలగూడ గదినీ వదలాలి.

"ఏందమ్మా, వస్తవా రావా?" అంది సుజాత.

"నువ్వు పో బిడ్డా. నేను జర ఆగి వస్త."

"బాపు ఎట్లాగూ లేడు. ఆడ నువ్వు గూడ లేకుంటే నేనెట్లుండాలె?"

వెంటనే వెళ్లి ఇంటి ఓనరుకు తాళంచెవి ఇచ్చేశాను.

లింగంపల్లి స్టేషన్‌లో కూర్చుని రాస్తున్నాను. బండి ఇంకా రాలేదు. నీకు చెప్పకుండా వెళ్తున్నట్టే ఉంది.