పొద్దుగూకినంక ఉప్పు

ఏమయ్యా,

అక్క నొప్పులు పడుతాందని కబురొస్తే మోత్కూరు బండెక్కి పోతున్న. సల్ల ఉట్టి మీద ఉంది, తాగు.

దుకాణంల ఉప్పు గంప గోడకు దూరం జరుపు, చెమ్మకు కరుగుతాంది. బెల్లం మీద గుడ్డ కప్పు. గ్యాసునూనె ముట్టిన చేత్తో చక్కెర కట్టకు. నిన్న నువ్వు కట్టిచ్చింది వాసనొస్తాందని పెద్దులు వాపస్ తెచ్చిండు.

దీపం ముట్టించినంక ఎవ్వరికీ ఉప్పు అమ్మకు, ఇంట్ల లచ్చిమి నిలువదు. రజాకార్లున్నన్ని దినాలు ఊరంత చీకట్లనే వచ్చి కొనుక్కపోయిరి. ఏం చేస్తం, రివాజు తప్పినం. ఇప్పుడు వాళ్లు పోయిండ్రు. పట్టపగలే తలుపులు బార్లా తీసి అమ్ముతున్నం, నాకైతే గదే పండుగ. నువ్వేమో ఎవరడిగినా కాదనవు. నా మాట ఒక్కటన్న విను.

సోమమ్మ

మరిచిన. సైదమ్మవ్వ పొద్దుగూకినంకనే దొడ్డి తలుపు కాడికొస్తది. రజాకార్లు ఇల్లు కాలవెట్టిన కాన్నుంచి ఆమె పగలు గడప దాటదు. తెల్లారి రమ్మని మర్లగొట్టకు, అడిగినంత ఉప్పు పెట్టు. లచ్చిమి అలిగి పోతే నేనొచ్చినంక బతిమాలి తోల్కొస్త.