విప్పిన కుట్టు ఎందుకు కోసేశావు?

చిట్టీ,

బట్టలు ఆరి ఉంటాయి, తీసి మడతపెట్టు. తర్వాత నువ్వు కత్తిరించి నెట్‌లో పెట్టిన నా జిప్పు కుట్టే వీడియో తీసేసి, తీసింది తీసినట్టే పెట్టు. జిప్పు వంకరగా కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టిన ముక్క నిన్నెవరే కోసెయ్యమన్నది? "అమ్మ పరువు పోతుంది నాన్నా" అన్నావట! కుట్టు విప్పకుండా దర్జీ అయినవాళ్ళెవరే? పాపం, ఒకావిడ నా వీడియో చూసి కుట్టబోయి, వంకరపోతే ఏం చెయ్యాలో తెలియక కొత్త గుడ్డ చింపుకుంది. "విప్పడం చూపించలేదేంటక్కా?" అని కింద రాసింది. ఏమని జవాబివ్వను? నా కూతురికి సిగ్గేసిందని రాయనా?

నేను షాపు నుంచి వచ్చేసరికి మార్చి ఉండాలి.

అమ్మ

ఒకవేళ ఆ ముక్క చెరిపేసి ఉంటే, సాయంత్రం మళ్ళీ వంకరగా కుడతాను. ఫోను నువ్వే పట్టుకో. నీ చేతిలో అయితేనే కదలదు.